ముభావం అన్న మాట

కనకరత్నం వంటింట్లో టీ కలుపుతూ "రెండు నిమిషాలుండు, వస్తున్నా" అని కేకేసింది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి గుమ్మంలో కోసిన కానాగంత చేపల గిన్నె ఉంది. చేపల కాసులమ్మ లేదు.

కొన్నాళ్ళుగా ఇదే వరస. కనకరత్నం వాళ్ళది అమలాపురం వైపు. భర్త అర్జునరావుకి విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగమొచ్చి గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ కాసులమ్మ దగ్గరే చేపలు. కొత్తలో ఇక్కడి మాట తెలియక బిక్కమొహం వేస్తే ఊరు అలవాటు చేసింది ఆవిడే. మెట్టు మీద కూర్చుని టీ తాగి, కొడుకు దొరబాబు బోటు కబుర్లు చెప్పిగానీ కదిలేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు పిలిస్తే పలకదు. ఒకటడిగితే ఇంకోదానికి తలూపి వెళ్ళిపోతుంది.

"కాసులమ్మ ఎందుకో ముభావంగా ఉంటోందండి" అంది కనకరత్నం, పక్కింటి తాయారుతో.

ఆ తరవాత కాసులమ్మ ఆ వీధికే రావడం మానేసింది. కారణం తాయారే చెప్పింది.

"మీరన్న మాట దానికి సెప్పేనండి. ముభావమంటే ఏటని అడిగింది. లోపలొకటెట్టుకుని మొకం సాటేయడమన్నాను. తప్పాండి?"

తప్పో ఒప్పో కనకరత్నానికి తేలలేదు. తనా ఉద్దేశంతో అనలేదు. మరే ఉద్దేశంతో అంది? ఆ సాయంత్రం భర్తనడిగింది.

"ముభావమంటే కోపమాండీ?"

"కోపం కాదు. అంటీముట్టనట్టుండటం."

"ఇష్టంలేకనా?"

"ఇష్టంలేకా కావచ్చు, ఒంట్లో బాగోకా కావచ్చు. ఎందుకన్నది ఆ మాటలో ఉండదు. ఇంతకీ నువ్వేమనుకుని అన్నావు?"



ఆదివారం పొద్దున్నే కనకరత్నం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళింది. గంపల వరసలో కాసులమ్మ కనబడింది. ఎడమవైపు నుంచి దగ్గరకెళ్ళి పిలిచింది. కాసులమ్మ తల తిప్పలేదు. మళ్ళీ పిలిచింది. అంతమందిలో మొహం వేడెక్కిపోయి వెనక్కి తిరగబోతుంటే, ఐసు మోసుకొస్తున్న దొరబాబు ఆగాడు.

"అటేపు నించి ఇనబడదండి. మొన్న జొరమొచ్చి తగ్గిన కాడ్నించి ఆ సెవి పన్జేత్త లేదు. ఇటొచ్చి పిలవండి."

కనకరత్నం కుడివైపుకెళ్ళి పక్కనే చతికిలబడింది. కాసులమ్మ ఉలిక్కిపడి, చూసి, చేపలు సర్దుకోసాగింది.

"నాకెందుకు చెప్పలేదు కాసులమ్మా?"

"సెవిటిదని తెలిత్తే బేరంలో ఆడుకుంటారని ఎవులికీ సెప్పలేదు. మీకు సెప్దామనే అనుకున్నాను. ఈలోగా ఆ మాటన్నారు."

"చెడుగా అనలేదే."

"మరెలాగన్నారు?"

"నాకు దూరంగా ఉంటున్నావనిపించింది."

"దూరంగా లేనమ్మా. ఇనబడక ఎల్లిపోయేను." కాసులమ్మ చేతులాపింది. "ఆ మాటిన్నాక మాత్రం మీ గుమ్మం ఎక్కబుద్ది కాలేదు. ఎందుకో నాకే తెలీదు."

కనకరత్నం ఆమెను డాక్టరుకి చూపించింది. చెవిమిషన్ పెట్టుకోమన్నారు. చూద్దాంలెమ్మంది కాసులమ్మ. వీధికి మాత్రం మళ్ళీ రావడం మొదలెట్టింది. కనకరత్నం కుడివైపే కూర్చుంటోంది, గట్టిగా మాట్లాడుతోంది. వినబడుతున్నా ఆవిడ ఒక్కోరోజు నవ్వుతుంది, ఒక్కోరోజు రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. అది చెవి వల్లో, తనన్న మాట వల్లో, వయసుతో వచ్చిన నీరసమో కనకరత్నానికి అంతుబట్టదు.

ఒకరోజు గంప ఎత్తుకోబోతూ కాసులమ్మే అంది. "దొరబాబుకి పిల్లని ఖాయం సేసేం."

"ఎప్పుడే?"

"అయిపోనాది. మన మాటల్లేనప్పుడు. పెళ్ళికి మీరు రావాలి."

మాటల్లేనప్పుడు అంటే పిలవడానికి వీల్లేకనా, పిలవాలనిపించకనా? అడగాలనిపించింది. ఏ మాటతో అడిగితే ఏమవుతుందో తెలియక, గంపకి చెయ్యందించింది.

"పిల్ల మంచిదేనా?"

"మంచిదే. మాట తక్కువ" అంది కాసులమ్మ.