మూడు నిలువుల లోతు

నేను ఒక తూకపు గుండును. అయిదు కిలోల ఇనుము, నెత్తిన ఒక కడియం, అడుగున ఒక చిన్న తొర్ర. ఇప్పుడు జలాశయం గట్టు మీది రేకుల గదిలో, విరిగిన గేటు చక్రాల పక్కన పడి ఉన్నాను. నీటి లోతు చూడ్డానికి ఏదో యంత్రం వచ్చిందట, దానికి తాడు కూడా అక్కర్లేదట. రానివ్వండి, నాకేం ఏడుపు లేదు. కానీ నాకు తెలిసిన సంగతి దానికి తెలియదు, అది మీ చెవిన వేద్దామనే ఈ గోలంతా.

పుట్టడం నిజాయితీగానే పుట్టాను. తూకం సరిపోవడానికి నా అడుగు తొర్రలో సీసం పోసి, దాని మీద ముద్ర కొట్టారు. అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు షావుకారు నన్ను కొన్నాడు. రోజూ పొద్దున్నే కళ్లకద్దుకునేవాడు, దణ్ణం పెట్టుకునేవాడు. ఒకరోజు ఆ చేతులతోనే నా తొర్రలో సీసం తవ్వేసి తూకం తగ్గించాడు. ఆ మర్నాడు కూడా దణ్ణం మానలేదు. తనిఖీ వాళ్లొస్తున్నారని తెలిసేసరికి నన్ను పాత ఇనుములోకి విసిరేశాడు. అక్కణ్ణించి ఒక జాలరి ఏరుకొచ్చి పడవకు లంగరు చేసుకున్నాడు. ఆ జాలరి కొడుకే ఎల్లాజీ.

ఎల్లాజీ జలాశయంలో చేపలు పడతాడు, కాలువ చిట్టచివర ఎకరన్నర కౌలు చేస్తాడు. నీటిపారుదల వాళ్లకు లోతు చూడాల్సి వస్తే అతని పడవనే పిలుస్తారు. అప్పుడు లంగరు తాడు విప్పి, నాకు కొలతాడు కడతాడు.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. గోడ మీది స్కేలులో నిండు గుర్తు దాకా నీరొచ్చింది. ఇంకేం, రెండో పంటకు నీళ్లు వదలమని రైతులంతా పట్టుబట్టారు. ఇంజనీరు హైమవతికి మాత్రం మనసు కుదుటపడలేదు. గోడ స్కేలు నీరు ఎందాకా ఎక్కిందో చెబుతుంది, అడుగు ఎక్కడుందో చెప్పదు. ఏటా కొండల మీంచి కొట్టుకొచ్చే ఒండ్రు అడుగున పేరుకుపోతూనే ఉంది. ఉన్న నీటిని ఎక్కువనుకుని పంట వేయిస్తే, చేను పొట్ట మీదుండగా, గింజ పట్టకముందే కాలువ ఎండిపోతుంది. అందుకే ఆవిడ పడవెక్కింది.

పనేమంత కష్టమైంది కాదు. నేను అడుగును తాకగానే తాడు వదులవుతుంది, అక్కడ ఆపాలి. నేను తాకాను, తాడు వదులైంది. ఎల్లాజీ ఆపలేదు. వేళ్ల సందుల్లోంచి తాడు మెల్లగా జారనిస్తూనే ఉన్నాడు. చల్లటి బురద నా అడుగును, నడుమును, కడియాన్ని మింగేసింది. అయ్యో, మళ్లీ నా చేత అబద్ధం చెప్పిస్తున్నారే అనుకున్నాను. అతను అప్పటికే ఆకుమడిలో విత్తనం చల్లేశాడు. లోతు తక్కువని తేలితే ఆ నారు పశువుల మేతే.

“మూడు నిలువులమ్మా,” అన్నాడు.

పైకి లాగుతూ నన్ను నీళ్లలో గబగబా జాడించాడు. నా కడియం పైన, తాడుకు జానెడు మేర బురద మిగిలిపోయింది. హైమవతి దాన్ని చూసింది.

“అంతుందా ఎల్లాజీ?”

“ఉందమ్మా.”

ఆవిడ గట్టు వైపు చూసింది. అక్కడ రైతులు గుంపుగా నిలబడి, ఈమె నోటి మాట కోసం కాచుకుని ఉన్నారు. మళ్లీ తాడు వంక చూసి, మూడు అని రాసుకుంది. షావుకారయినా నన్ను కళ్లకద్దుకునేవాడు, ఆ రోజు వీళ్లిద్దరూ నా వంక చూడను కూడా చూడలేదు.

నీళ్లు వదిలారు. చేలు పచ్చగా లేచాయి. సరిగ్గా వరి వెన్ను తొంగి చూసే వేళకు కాలువ ఆగిపోయింది. ముందు ఎండింది చివరి పొలాలే, అందులో ఎల్లాజీదీ ఉంది. వాటిలో పశువులు తిరుగుతుంటే చూడలేక, అతను ఊళ్లోకి రావడమే మానేశాడు. వేసవిలో ఒకరోజు హైమవతి అతన్ని జలాశయంలోకి తీసుకెళ్లింది. నేల నెర్రెలు విచ్చి ఉంది, అక్కణ్ణించి చూస్తే గోడ మీది నిండు గుర్తు రెండు నిలువుల ఎత్తైనా లేదు. పడవ పక్కకు ఒరిగిపోయింది, అందులో నేనున్నాను.

“ఇక్కడేనా మూడు నిలువులన్నావు?”

ఎల్లాజీ గట్టిపడిన ఒండ్రు మీదే చతికిలబడ్డాడు.

“తాడుకు బురద నేనూ చూశాను,” అంది హైమవతి. “అడగాల్సింది. నాకు ధైర్యం చాలలేదు.”

మరుసటి ఏడు మళ్లీ వానలు పడ్డాయి. మళ్లీ నిండు గుర్తు, మళ్లీ గట్టు మీద జనం. ఈసారి ఎల్లాజీ నేను తాకీ తాకగానే ఆపేశాడు. “రెండు నిలువులు కూడా లేవమ్మా,” అని గట్టు దాకా వినబడేలా అరిచాడు. తన కళ్లతో చూస్తేగాని ఊరుకోనని పడవెక్కి వచ్చిన సూరప్పన్నకు అది మింగుడుపడలేదు. కాలువ చివరి రైతుల్లో పెద్దవాడాయన.

“ఇలా తే, నేను దించుతాను,” అని తాడు లాక్కున్నాడు.

నేను దిగాను. అడుగు తగిలింది. తాడు వదులైంది. ఆయన తాడు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, ఎల్లాజీ లాగానే, ఆయన వేళ్లూ తాడును మెల్లగా జారవిడిచాయి. నేను మళ్లీ బురదలోకి దిగుతున్నాను.

ఎల్లాజీ చెయ్యి వచ్చి తాడు మీద పడింది.

“ఆపన్నా. అది నీరు కాదు.”

“ఆకుమడి సల్లీసేన్రా,” అన్నాడు సూరప్పన్న, చిన్నపిల్లాడిలా.

“తెలుసన్నా. నానూ సల్లీసేను.”

ఎల్లాజీ నన్ను పైకి లాగాడు. ఈసారి నీళ్లలో జాడించలేదు. తొర్ర నిండా కూరుకున్న ఒండ్రుతో అలాగే తీసుకెళ్లి సూరప్పన్న ఒళ్లో పెట్టాడు.