ఏడో పేజీ నుంచి ముఖచిత్రానికి

శశికాంత్‌కి వీసా ఆఫీసు ఇచ్చిన టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, పోయింది. ఉత్తరం వచ్చింది గానీ, పోస్టు డబ్బా మీద అతని పేరు లేకపోవడంతో తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ టెర్మిన్ దొరకడానికి రెండు నెలలు పడుతుందన్నారు. అతని సీనియర్ సదియాకి ఆ రోజు అన్నం సయించలేదు. డబ్బా మీద పేరు అంటించుకోమని ఆమె రాసిన వ్యాసం, జర్మనీలోని కాట్‌బస్ తెలుగు విద్యార్థుల పత్రిక ‘తోడు’ మొదటి సంచికలో ఏడో పేజీలో ఉంది. ఆ సంచిక శశికాంత్ సంచిలోనే ఉంది.

చదవలేదా అని అడిగింది.

"తెరిచిన అక్కా. పేజీ మొత్తం అక్షరాలతోటి నల్లగ కనబడ్డది. తర్వాత చదువుదామని లోపల పెట్టిన," అన్నాడతను తలవంచుకుని.

మర్నాడు మధ్యాహ్నం యూనివర్సిటీ భోజనశాలలో, పత్రికలు పెట్టిన బల్లకు ఎదురుగా కూర్చుందామె. గంటలో నలభై మంది దాకా మనవాళ్ళు వెళ్ళారు. చాలామంది చూపు పత్రిక మీద పడి జారిపోయింది. ముగ్గురు చేతిలోకి తీసుకున్నారు, ఇద్దరు రెండు పేజీలు తిప్పి పెట్టేశారు.

పత్రిక మొదలుపెట్టింది విశ్వనాథం గారు. బ్లూకార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పెద్దమనిషి. కాగితం మీద ఖాళీ కనిపిస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. రెండో సంచికకి సదియా చేసి చూపించిన కొత్త రూపు చూసి ఆయన ముఖం ముడుచుకుంది. ముఖచిత్రం నిండా ఒకటే ఫొటో, అయిదు పేర్లు అంటించిన పోస్టు డబ్బా. పైన లావుపాటి అక్షరాల్లో ‘మీ పేరు ఇక్కడుందా?’ లోపల అక్షరాలు పెద్దవయ్యాయి, వరసల మధ్య ఎడం వచ్చింది, చేయాల్సిన పనులు విడిగా ఓ గడిలో కూర్చున్నాయి. ఆయన నాలుగు పేజీల సంపాదకీయానికి ఒక్క పేజీయే మిగిలింది.

"ఇది పత్రికా, సబ్బు ప్రకటనా అమ్మా?" అన్నారాయన.

"సార్, మా అమ్మ సర్కారు బళ్ళో తెలుగు చెప్తది. బోర్డు మీద నాలుగే మాటలు రాస్తది, వెనక బెంచీకి గూడ కనబడేటట్టు. శశికాంత్ నా వ్యాసం సంచిలో పెట్టుకునే తిరిగిండు. తప్పు అతనిది కాదు, నాది. ఈసారి చదవకుండ పోనియ్య."

ఆయన కొత్త ముఖచిత్రాన్ని మరోసారి తిప్పి చూశారు. చివరికి ఒక్క సంచికకి ఒప్పుకున్నారు. సదియా మూడు రోజులు ఆయన పక్కనే కూర్చుని, ప్రతి వాక్యం చూపించి అడిగి మరీ కత్తిరించింది. తన మొదటి చలికాలం గురించిన పేరా దగ్గర ఆయన మొండికేశారు. చదివి చూస్తే సంపాదకీయానికి ప్రాణం అదే. దాన్ని మొదటికి తెచ్చింది.

అక్టోబరులో కొత్త పిల్లలు దిగారు. గిరిజ అనే అమ్మాయి భోజనం పళ్ళెం పట్టుకునే కొత్త సంచికలున్న బల్ల దగ్గర ఆగిపోయింది. పళ్ళెం పక్కన పెట్టి, నిలబడే రెండు పేజీలు చదివి, టేపు ఎక్కడ దొరుకుతుందని సదియానే అడిగింది. సాయంత్రానికి బల్ల మీద పెట్టిన వాటిలో ఆరు ప్రతులే మిగిలాయి.

శశికాంత్ వీసా పని నవంబరులో అయింది. ఆ వారమే విశ్వనాథం గారు ఫోన్ చేశారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు విద్యార్థులు ఆయన చలికాలం పేరా గురించి ఉత్తరాలు రాశారట. ఒకరైతే వాదనకే దిగారట. ఆ ఉత్తరాలు రెండూ మొదటి నుంచి చదివి వినిపించారు. సదియా మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నది.