పొల్లు పలకని కీబోర్డు

గోవిందరాజులుగారు ఫోన్ చేసి చాలా మర్యాదగానే చెప్పారు.

"అనితమ్మా, నిన్న పంపిన ఫైల్లో 'అమ్మ' అన్న చాలా చోట్ల 'అమమ' అని పడింది. 'పల్లె' కాస్తా 'పలలె' అయింది. ఒక్కసారి చూసుకోమ్మా."

అనితకు చిన్నప్పుడే చూపు పోయింది. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటరు పైకి చదువుతుంటే విని పని చేసుకుంటుంది. ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే పాత సంగతులను రికార్డు చేసి దాచే సంస్థ ఒకటుంది. ఆ రికార్డులు ఐనవిల్లిలో ఆమె ఇంటికి మెయిల్లో వస్తాయి. హెడ్‌ఫోన్లలో ఆ మాటలు వింటూ వాటిని టైపు చేసి పంపడం అనిత ఉద్యోగం. తప్పొప్పులు చూసేది గోవిందరాజులుగారు.

ఫైలు తెరిచి వింది. నిజమే, చాలా చోట్ల ఒత్తులు ఎగిరిపోయాయి. కంప్యూటర్లో తెలుగు కొట్టేటప్పుడు ఒత్తు రావాలంటే రెండు అక్షరాల మధ్య పొల్లు కొట్టాలి. అనిత వాడే పద్ధతిలో పొల్లు డి కీ మీద ఉంటుంది. ఒత్తు లేకుండా తెలుగులో రెండు వాక్యాలు నడవవు కాబట్టి కీబోర్డు మొత్తంలో ఎక్కువ దెబ్బలు తిన్నది ఆ కీయే. కింద రబ్బరు మెత్తబడిపోయి, నొక్కితే బురదలో వేలు దిగినట్టు దిగుతోంది. అక్షరం ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. టైపు చేసేటప్పుడు చెవిలో రికార్డు నడుస్తుంది కాబట్టి కంప్యూటరు గొంతు ఆపేసి ఉంచుతుంది. అందుకే తెలియలేదు.

పనిలోనే కాదు, ఆటలోనూ అదే గొడవ. సాయంత్రాలు అనిత ఆన్‌లైన్‌లో ఆడే ఆటకు బొమ్మలు ఉండవు. అంతా శబ్దమే. కుడి చెవిలో అడుగులు వినిపిస్తే శత్రువు కుడివైపు ఉన్నట్టు. ఆ ఆటలో కుడికి జరగాలంటే డి కీ నొక్కాలి. మొన్న నొక్కింది, జరగలేదు, ఆట పోయింది. జట్టులో తోడుండే పేతురు, "ఏమైందండీ, నిలబడిపోయేరు?" అని అడిగాడు. పేతురు అల్లవరంలో రొయ్యల మేత కొట్టు నడుపుతాడు. అతనికీ చూపు లేదు. మెకానికల్ కీబోర్డు కొనుక్కోమని, అందులో ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉంటుందని అతనే చెప్పాడు. "ఏ రకం స్విచ్ అన్నది మాత్రం మీ వేలే చెప్పాలండి," అన్నాడు.

మర్నాడు వదిన వెంకటదుర్గ స్కూటీ మీద అనితను అమలాపురం తీసుకెళ్లింది. వదిన ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె మిషన్, అనిత కంప్యూటర్ ఒకే గదిలో ఉంటాయి.

"కీబోర్డంటే కీబోర్డేగా, ఇందులో రకాలేంటి?" అంది దారిలో.

"నాకూ తెలీదు వదినా. అదే చూద్దామని."

కంప్యూటర్ సామాన్ల షాపు దుర్గాప్రసాద్‌ది. అనిత అడగ్గానే ఆయన లోపలినుంచి ఒక చిన్న పలక తెచ్చాడు. దాని మీద వరసగా రకరకాల స్విచ్‌లు బిగించి ఉన్నాయి.

"బ్లూ, రెడ్, బ్రౌన్ అని ముఖ్యంగా మూడు రకాలండి," అని మొదలుపెట్టాడు.

"రంగులు మా వదినకి చూపించండి. నాకు వేలికి ఏం తెలుస్తుందో చెప్పండి."

దుర్గాప్రసాద్ పలక ఆమె చేతిలో పెట్టాడు. "మీరే చూసి నాకు చెప్పండి."

అనిత మొదటిది నొక్కింది. టిక్కుమంది. వేలికి చిన్న మెట్టు తగిలింది, చెవికి స్పష్టంగా చప్పుడు వినిపించింది. రెండోది ఎక్కడా తగలకుండా నూనె రాసినట్టు నేరుగా కిందికి జారింది. మూడోదానిలో మెట్టు తగిలింది కానీ చప్పుడు లేదు. మళ్లీ మొదటికొచ్చి నెమ్మదిగా నొక్కింది. మరీ నెమ్మదిగా ఇంకోసారి.

"ఒకటి అడగనాండీ? అక్షరం ఎక్కడ పడుతుంది? అడుగుకి తగిలేకా, దారిలోనా?"

"దారిలోనేనండి. సగం దిగేసరికి పడుతుందనుకుంటాను."

"అనుకోవడం ఎందుకు? చూద్దాం."

దుర్గాప్రసాద్‌కు ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు. కొనడానికి వచ్చేవాళ్లు రంగు, లైట్లు అడిగి పట్టుకుపోతారు. స్విచ్‌లు ఊడదీసి మార్చుకోవడానికి వీలున్న కీబోర్డు ఒకటి పెట్టెలోంచి తీసి, కంప్యూటరుకు కలిపి, చదివే గొంతు ఆన్ చేశాడు. డి కీ కింద ముందు టిక్కుమనేది పెట్టాడు. అనిత వెంట్రుకవాసి చొప్పున వేలు దించింది. టిక్కుమనడం, కంప్యూటరు "డి" అనడం దాదాపు ఒకేసారి జరిగాయి. చప్పుడు లేని మెట్టు స్విచ్‌లో మెట్టు దాటాక, ఇంకొంచెం దిగాక "డి" అంది. జారుడు స్విచ్‌లో మాత్రం ఎప్పుడంటుందో ముందుగా ఏమీ తెలియలేదు. వేలు ఇంకా దిగుతుండగానే అనేసింది.

"ఆయ్, నిజమేనండి," అన్నాడు దుర్గాప్రసాద్, తానూ ఒకసారి కళ్లు మూసుకుని నొక్కి చూసి. "ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను, ఇలా చూడలేదు."

వదినకు లోపల ఏముందో చూడాలనిపించింది. ఆయన ఒక స్విచ్ మూత తీసి ఇచ్చాడు. "చిన్న స్ప్రింగు ఉంది అనితా. దాని మీద ప్లాస్టిక్ ముక్క పైకీ కిందికీ జరుగుతోంది. పక్కనే రెండు రేకులు. ముక్క కిందికి దిగితే రేకులు రెండూ కలుస్తున్నాయి," అని వర్ణించి చెప్పింది. అనిత ఆ ముక్క అంచు గోటితో తడిమింది. దానికి చిన్న గూని ఉంది. "ఓహో, మెట్టంటే ఇదన్నమాట," అంది. జారుడు స్విచ్ ముక్క కూడా అడిగి తడిమింది. దానికి గూని లేదు.

"టిక్కుమనేదే ఇవ్వండి. అక్షరం పడిందని చెవికి కూడా చెప్తోంది. ఇంక పొల్లు పోదు," అంది అనిత.

దుర్గాప్రసాద్ కీబోర్డు నిండా అవే పెట్టి, ఊడదీసే చిన్న పట్టకారు కూడా ఇచ్చాడు. "కుదరకపోతే తీసుకురండి, మారుద్దాం."

ఇంటికి రాగానే కూర్చుంది. టకటకమని ఒత్తులన్నీ చక్కగా పడ్డాయి. వదిన మిషన్ ఆపి కాసేపు విని, "నాదానికంటే నీదే పెద్ద మిషన్‌లా ఉందే," అని నవ్వింది.

ఆ రోజు వచ్చిన రికార్డులో ఒక ముసలావిడ తన చిన్నతనంలో పడవలో కొబ్బరికాయలు తోలిన సంగతి చెబుతోంది. గొంతు చాలా సన్నం. వాక్యం మొదట్లో వినిపించి చివరికొచ్చేసరికి అణగిపోతోంది. అణిగిన చోటల్లా అనిత వేళ్ల కింద టిక్కుటిక్కులు ఆ మాటను మింగేశాయి. చేతులు తీసి వింటే, "మా నాన్న కాలవ లాకుల దగ్గర ఆగేవాడు" అని స్పష్టంగా ఉంది. చేతులు పెట్టి కొడితే ఎవరు ఆగేరో, ఎక్కడ ఆగేరో తెలియదు. హెడ్‌ఫోన్ల శబ్దం పెంచితే చెవి నొప్పి పుట్టింది.

సాయంత్రం ఆటలో పేతురు మాట మధ్యలో ఆపాడు. "అనితగారూ, మీ వైపు వానండీ?"

"లేదండీ. ఎందుకు?"

"రేకుల మీద చినుకులు పడ్డట్టుంది. అడుగులు వినబడ్డం లేదండి నాకు."

ఆమె మైకులోంచి ఆ టిక్కులు జట్టంతటికీ వెళ్తున్నాయి. అనిత సిగ్గుపడి మైకు కట్టేసింది. మైకు లేకపోతే ఎవరు ఎటున్నారో చెప్పుకోలేరు. ఆట పోయింది.

రెండోసారి దుర్గాప్రసాద్ జారుడు స్విచ్‌లు పెట్టి ఇచ్చాడు. పేతురు వాడేది అదే. ఆటలో హాయిగా ఉంది. చప్పుడు తక్కువ, వేలు ఎంత తొందరగా ఆడిస్తే ఆటలోని మనిషి అంత తొందరగా కుడికీ ఎడమకీ దూకుతున్నాడు. ఆ సాయంత్రం వరసగా గెలిచారు.

మర్నాడు పనిలో కూర్చుంటే వేరే చిక్కు వచ్చింది. చూపున్నవాళ్లు ఆలోచించేటప్పుడు చేతులు కీబోర్డు మీదినుంచి తీసేయవచ్చు. అనిత తీయదు. తీస్తే మళ్లీ చోటు వెతుక్కోవాలి. వేళ్లు కీల మీద ఆనించే వింటుంది. ఈ స్విచ్‌లు ఎంత తేలికంటే, ఆనిన వేలి బరువుకే దిగిపోతున్నాయి. ముసలావిడ తర్వాతి మాట కోసం ఆగితే ఈలోగా పొల్లు మీద పొల్లు పడుతోంది. గోవిందరాజులుగారికి పంపే ముందు ఈసారి ఫైలు మొత్తం వింది కాబట్టి సరిపోయింది.

"వదినా, ఇదీ కాదు," అంది నిరుత్సాహంగా. "రాయడానికి మెట్టు కావాలి, ఆటకి మెట్టు ఉండకూడదు."

వదిన లైనింగ్ గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఆపి, "అన్ని బటన్లకీ ఒకటే ఉండాలని రూలేమన్నా ఉందా?" అని అడిగింది. "జాకెట్టుకి పైగుడ్డ వేరు, లోపలి గుడ్డ వేరు. హుక్కు పట్టీ దగ్గర ఇంకొంచెం మందంగా వేస్తాను. ఎక్కడ ఏం కావాలో అది. నీ బటన్లు విడివిడిగా ఊడతాయిగా మరి."

అనిత కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఒక్కొక్క కీనీ తడుముతూ చాలాసేపు కూర్చుంది. ఆటకు కావలసినవి ఎడమచేతి కింద నాలుగే. మిగిలినవన్నీ రాయడానికే. చిక్కల్లా డి దగ్గర. ఆ నాలుగూ రాతకీ కావాలి కానీ, డి దాదాపు ప్రతి మాటలోనూ కావాలి.

మూడోసారి వెళ్లినప్పుడు దుర్గాప్రసాద్ షాపు బల్ల మీద స్విచ్‌లు కుప్పగా పోశాడు. ముందు అన్ని కీల కింద చప్పుడు లేని మెట్టు స్విచ్‌లు పెట్టారు. పట్టకారు పని వదిన తీసుకుంది. ఆటకు వాడే మిగిలిన మూడింటికి జారుడువి పెట్టారు. డి దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ ఆగిపోయారు.

"మెట్టుదే పెడదామండి. పొల్లు ముఖ్యం కదా," అన్నాడు దుర్గాప్రసాద్.

పెట్టి చూశారు. రాతకు బాగుంది. ఆటలోలా గబగబా కొడితే వేలు ప్రతిసారీ గూని ఎక్కి దిగుతోంది. అనిత తల అడ్డంగా ఊపింది. "వేలు ఆనితే దిగిపోవడం జారుడు స్విచ్ తప్పా, దాని స్ప్రింగు తప్పా?" అని అడిగింది.

దుర్గాప్రసాద్ లోపలికెళ్లి ఏదో వెతికి తెచ్చాడు. "ఇదీ జారుడేనండి. స్ప్రింగు గట్టిది. ఎవరూ అడగరని లోపల పడేశాను."

అనిత ఆ కీ మీద వేలు ఆనించింది. దిగలేదు. ఇంకొంచెం బరువు వేసింది, దిగలేదు. కావాలని నొక్కింది. అడ్డం లేకుండా నేరుగా దిగి, వదలగానే వేలిని తోసుకుంటూ పైకొచ్చింది. కంప్యూటరు "డి" అంది. గబగబా కొట్టింది. "డి డి డి డి" అని అది తడబడుతూ చదివింది. అనితకు నవ్వొచ్చింది.

"ఇదేనండి. మిగిలిన మూడింటికీ ఇదే పెట్టండి," అంది.

ఆ వారంలోనే ముసలావిడ రికార్డు పూర్తయింది. గోవిందరాజులుగారు ఫోన్ చేసి, లాకుల దగ్గర పడవల సంగతి తనకు కొత్త అని, చదువుతూ కూర్చుండిపోయానని చెప్పారు. ఒత్తుల గురించి ఏమీ అనలేదు. పేతురుకు గట్టి స్ప్రింగు సంగతి చెబితే, తనకూ ఒకటి తెప్పించమన్నాడు. జట్టులో ఇంకొకరు మెట్టు స్విచ్ ఎలా ఉంటుందని అడిగారు. అందరికీ తలా ఒకటి పంపమని దుర్గాప్రసాద్‌కు అనిత కబురుపెట్టింది. చెబితే తెలిసేది కాదు, వేలు పెట్టి చూడాలి.

ఒక మధ్యాహ్నం కుట్టుపని లేనప్పుడు వదిన కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది.

"ఆ ఆట నాకు పెట్టు. ఏముందో చూస్తాను."

"చూడ్డానికేం ఉండదు వదినా."

"అదే. వింటాను."

అనిత ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఎడమచేతి వేళ్లు కీల మీద సర్ది, ఏది ఎటు తీసుకెళ్తుందో చెప్పింది. వదిన కళ్లు మూసుకుంది. కాసేపు కదలకుండా ఉండి, తర్వాత డి నొక్కింది, ఆపింది, మళ్లీ నొక్కింది.

"ఎవరన్నా వస్తున్నారా?" అని అడిగింది అనిత.

"వెనకాల ఎవరో నడుస్తున్నారు. వాళ్ల సంగతి తర్వాత," అంది వదిన, కళ్లు తెరవకుండానే. "కుడిపక్క ఎక్కడో నీళ్లు పారుతున్నాయి అనితా. అది కాలవో, ఏరో చూసి వస్తానుండు."