బావిలో పగడాల కావలి

మా పొలం బావిలో పొద్దున మునిగి మునిమాపుకు తేలినవాణ్ణని చెప్తే కార్వేటినగరంలో ఎవరూ నమ్మరు. మా ఆవిడ చెంగమ్మ అసలు నమ్మదు. సరే, ఇది మాత్రం నమ్మండి. సాక్షులున్నారు.

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు లోహిత, బిందెంత రోబోను చేసింది. సముద్రం అడుగున పగడాలను ముళ్ల నక్షత్రాలనే జీవులు తినేస్తున్నాయట.

"మన మామిడిపూతకు తేనెమంచు పురుగు మాదిరే తాతా. ఇది వాటిని ఎతికి, సూదితో వెనిగర్ ఎక్కిస్తాది. అంతే, సస్తాయి!"

ఒకనాటి ఉదయం దానికి పరీక్ష. సముద్రజీవులను పరిశోధించే జయంతి మేడం మా పొలం బావి దగ్గరికే వచ్చింది. నెగ్గితే లోహిత రోబోతో సహా లక్షద్వీప్‌కు పోతుంది. ముళ్ల నక్షత్రాలకు బదులు పనసతొక్కలు, పగడాలకు బదులు కొబ్బరిచిప్పలు రాళ్లకు కట్టి దించాం. తొక్కలనే పొడవాలి. చిప్పను తాకిందా, ఓడినట్టే.

రోబో బుడుంగున మునిగింది. దాని కెమెరా కన్ను చూసేదంతా గట్టున ల్యాప్‌టాప్ తెరలో కనిపిస్తుంది. చూస్తే, తోకను పట్టబోయే కుక్కపిల్లలా ఒకచోటే గిరగిరా తిరుగుతోంది!

"ఏమైనాది దీనికి? తాడు కూడా లేదు లాగేదానికి. బ్యాటరీ అయిపోతే అంతే!" లోహిత ల్యాప్‌టాప్ మీటలు టకటకా నొక్కింది.

తెరలో పచ్చగా ఏదో ఊగింది. పచ్చిమిరపకాయ! చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దిష్టి తగలకూడదని నిమ్మకాయా మిరపకాయలూ నేనే కట్టినా."

కన్ను ముందు వేలాడే ఆ గుత్తినే ముళ్ల నక్షత్రమనుకుని తరుముతోంది పాపం!

నేను చొక్కా విప్పాను.

"ఈ వయసులో యాడికబ్బా దూకేది?" అని చెంగమ్మ అరిచేలోపే దూకేశాను. ఏడు తాటిచెట్ల లోతు! దారం తెంపాను. రోబో గిర్రున నావైపు తిరిగింది. నా గడ్డం నిండా తెల్లటి ముళ్లు, ఎదురుగా దాని సూది. కళ్లు మూసుకున్నాను.

పొడవలేదు. తెరిచేసరికి నన్ను దాటిపోయి పనసతొక్కను పొడుస్తోంది!

మిరపకాయలు కరుచుకుని పైకి తేలేసరికి గట్టంతా కేకలు. తొక్కలన్నీ పొడిచింది, చిప్ప ఒక్కటీ తాకలేదు.

"మనిషి ఎదురొస్తే ఏం చేస్తుందోనని నా భయం. అదీ తీరిపోయింది. పెట్టె సర్దుకో లోహితా!" అంది మేడం.

లోహిత ఎగిరిన ఎగురుకు గట్టు అదిరింది.

"సూసినావా? నేను హాని లేనోడినని రోబోనే తేల్చేసినాది," అన్నాను చెంగమ్మతో.

"దానికి కండ్లే గదబ్బా ఉండేది. చెవులుండి నీ కథలు వినింటే, ఎప్పుడో పొడిసేసుండేది!"