నలభై ఒకటి

“రెండంకెలు అటూ ఇటూ మార్చు, చాలు. నలభై ఒకటి కాస్తా పద్నాలుగైపోతుంది. రేపెవరైనా పట్టుకుంటే టైపింగులో పొరపాటు అనేద్దాం,” అన్నాడు భర్త, చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపలేదు. ఆ పొరపాటు ఎవరి నెత్తిన పడుతుందో అడగనక్కర్లేదు. ఇద్దరూ పనిచేసేది ఒకే ల్యాబులో. ఆయన అధికారి, ఆమె పరీక్షలు చేసే మనిషి. మూడేళ్ల కిందట కాంక్రీటు దిమ్మెల్ని ఇనుప బోనుల్లో పెట్టి నడిసముద్రంలో లోతుకి దించారు. పోయిన వారం పైకి తీసి యంత్రంలో నొక్కితే, అనుకున్నదానికంటే ఎక్కువ బరువే మోశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. బరువు మోస్తున్నదాని లోపల ఏముందో ఎవరికి కావాలి? ఆమె మాత్రం ఒక దిమ్మెను నిలువునా చీల్చి, ఉప్పు చేరినచోట తెల్లబడే మందు చల్లింది. తెలుపు నలభై ఒక్క మిల్లీమీటర్లు పాకింది. ఇదే కాంక్రీటుతో సముద్రంలో లేపబోయే స్తంభాల్లో యాభై దగ్గర ఇనుప చువ్వలుంటాయి. ఉప్పు తాకితే అవి తుప్పు పడతాయి, కాంక్రీటు పగులుతుంది. వందేళ్లకు ఢోకా లేదని ఆయన మాటిచ్చిన ఆ స్తంభాల మీద రెండొందల మంది పనిచేయబోతున్నారు.

“మొగుడి మాట నిలబెట్టాలి గదమ్మా! ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా?” అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

ఆమెకు ఒళ్లు మండింది. ఏడేళ్లుగా రిపోర్టులన్నీ ఈ చేత్తోనే రాసింది, పైన పేరు ఆయనది, కింద పరీక్ష చేసినట్టు సంతకం తనది. పెద్దవాళ్లెవరైనా వస్తే “మా ఆవిడ, చిన్న చిన్న పరీక్షలు చూసుకుంటుంది” అని పరిచయం చేసి, టీ సంగతి చూడమని కళ్లతోనే పురమాయిస్తాడు. మెప్పొస్తే ఆయనకి, తప్పొస్తే తనకి. అయినా భయమేసింది. ఉద్యోగం, కాపురం రెండూ ఆయన చేతికిందే. చొక్కా ఇచ్చి బయల్దేరింది.

మీటింగులో ఆయనే పద్నాలుగని టైపు చేయించిన కాగితాన్ని సంతకం కోసం ఆమె ముందుకు జరిపాడు. బల్లకి ఆ చివర, స్తంభాలు కట్టించే కంపెనీ చైర్మన్ ఎదురుచూస్తున్నాడు. ఆమె కలం తీసుకుంది. పద్నాలుగు కొట్టేసి, నలభై ఒకటి రాసి, సంతకం పెట్టింది.

“నలభై ఒకటండీ. చీల్చింది నేను, కొలిచింది నేను. ఉప్పుకీ ఇనుముకీ మధ్య ఇంక తొమ్మిది మిల్లీమీటర్లే ఉంది.”

భర్త ఆమె చెవి దగ్గరికి వంగి, పళ్ల బిగువున, “ఇంటికెళ్లాక మాట్లాడదాం,” అన్నాడు. ఇంట్లో అడిగితే, ఆఫీసు గొడవలు గుమ్మం లోపలికి తేవద్దనే మనిషి.

“వద్దండీ,” అంది ఆమె, గొంతు తగ్గించకుండా. “ఇక్కడే మాట్లాడదాం.”