బోర్లించిన బండ

ఈస్టరు ఆదివారం పొద్దున కాలనీ అంతా చర్చిలో ఉంటే బిక్షమ్మ మాత్రం పడవల రేవులో నిలబడింది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా, అందులో నానబెట్టిన సున్నం. సంచిలో జనపనార కుంచె, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. ఆమెకు కావలసింది ఒక్కటే. నీళ్ల మధ్య తేలిన దిబ్బ మీద తన పెద్దబిడ్డ రాహేలు సమాధి ఉంది. ఈ పండుగకైనా దానికి సున్నం వెయ్యాలి.

పండుగకు సమాధులు కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించడం వాళ్లలో రివాజు. మిగతా ఊళ్లవాళ్లకు అది నడిచి వెళ్లి చేసుకొచ్చే పని. గుండ్లరేవు వాళ్లకు మాత్రం పడవెక్కి చేసే పని, ఎందుకంటే గుండ్లరేవు శ్రీశైలం నీళ్ల కింద పోయింది. ఇళ్లు, చేలు, చర్చి గోడలు అన్నీ మునిగాయి, మనుషులు ఒడ్డున సర్కారు కట్టించిన కాలనీకి చేరారు. కాస్త ఎత్తున ఉన్న సమాధుల జాగా ఒక్కటి ఎండాకాలంలో నీళ్లు తగ్గాక కొన్నాళ్లు తేలుతుంది. ఆ కొన్నాళ్లలోనే వెళ్లి, నాచు గీకి, బండలకు సున్నం వేసి వచ్చేవారు. వానలు పడగానే సున్నం మళ్లీ కృష్ణ పాలు. అది తెలిసే వేసేవారు. వినేవాళ్లకు నవ్వు రావచ్చు. నవ్వేవాళ్ల బిడ్డలెవరూ ఆ నీళ్ల కింద లేరు మరి.

అప్పట్లో చేపలు పట్టే పోచయ్య తన గుండ్రటి పుట్టిలో అందరినీ దిబ్బకు చేర్చేవాడు. తర్వాత ఆ నీళ్ల వంపు చాలా అందంగా ఉంటుందని పట్నంవాళ్లకు తెలిసిపోయింది. అందం కనిపెట్టాక ఊరుకుంటారా? ఒక కంపెనీ వచ్చి పైకప్పు పడవ దించింది, ఒక్కొక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవలు దించింది. కయాక్‌లట వాటి పేరు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా తిప్పుతారు, నడుమ దిబ్బ మీద భోజనం. పుట్టిలో మనుషులను ఎక్కిస్తే ప్రమాదమని పోచయ్యకు తాకీదు వచ్చింది. ఊరిని ముంచినప్పుడు ఎవరికీ గుర్తు రాని ప్రమాదం పుట్టి దగ్గర గుర్తొచ్చింది.

ఆ కంపెనీలోనే బిక్షమ్మ కొడుకు ఇస్రాయేలుకు కొలువు. నీళ్లు మింగిన ఊరివాళ్ల పిల్లాడికి ఆ నీళ్లే బువ్వ పెడుతున్నాయని ఆమె మొదట్లో ప్రార్థనలో సాక్ష్యం కూడా చెప్పింది. వచ్చినవాళ్లకు మైకులో కబుర్లు చెప్పడం, తేలే జాకెట్లు తొడగడం, కయాక్‌లను నీళ్లలోకి నెట్టడం వాడి పని. ఏటా ఈస్టరు ముందు ఆమె దిబ్బ సంగతి అడిగేది. ఏటా వాడు అదే మాట అనేవాడు, ఈసారి నీళ్లు తగ్గలేదమ్మా, దిబ్బ తేలలేదని. కన్నకొడుకు చెబితే నమ్మకుండా ఎట్లా ఉంటుంది? నమ్మింది. మొన్న పోచయ్య చేపలమ్మడానికి వచ్చి, దిబ్బ తేలి నెల దాటిందనీ, రోజూ దాని మీద బిర్యానీ వాసన వస్తోందనీ చెప్పి పోయాడు.

ఆమె కొడుకును నిలదీయలేదు. సున్నం నానబెట్టుకుంది. ఆదివారం పొద్దున గిన్నెలు కడిగే మనిషి రాలేదని మేనేజరు రఘుపతి చిరాకు పడుతుంటే ఎదురుగా వెళ్లి, తాను కడుగుతానంది. ఆమె ఎవరైతే ఏమి ఆయనకు, రెండు చేతులుంటే చాలు, ఎక్కమన్నాడు. జాకెట్ల కుప్ప దగ్గర ఉన్న ఇస్రాయేలు తల్లిని చూసి మొహం మాడ్చుకున్నాడు. దగ్గరికొచ్చి, ఎండ ఎక్కువుంది, ఇంటికి పొమ్మని మెల్లగా బతిమాలాడు. ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఇంజను పక్కన కూర్చుంది.

పడవ నిండా పట్నం మనుషులు. అర్ధరాత్రి బస్సెక్కి కొత్తకోట మీదుగా వచ్చారట, కళ్లలో నిద్ర, చేతుల్లో సెల్‌ఫోన్లు. రెండు వైపులా నల్లమల కొండలు, నడుమ ఆకుపచ్చటి నీళ్లు. అందంగా లేదని ఎవరంటారు? బిక్షమ్మకే ఆ అందం చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చిలగడదుంపలు పండిన చెలక మీద, తాను కాపురం చేసిన ఇంటి మీద ఇంత అందం ఎవరు పరవమన్నారు?

ఇస్రాయేలు మైకు తీసుకున్నాడు. ఇంట్లో మాట్లాడే భాష కాదది, కంపెనీ రాసిచ్చిన భాష. "మీ పాదాల కింద ఒక ఊరు హాయిగా నిద్రపోతోంది," అన్నాడు. కొందరు అబ్బురపడి కిందికి చూశారు, ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. బిక్షమ్మ కొడుకు వైపు చూసింది. ఊరు నిద్రపోలేదురా, కట్టెలు, తలుపులు బండికెత్తుకుని ఏడ్చుకుంటూ లేచి వెళ్లిపోయిందని అరవాలనిపించింది. వాడి కొలువు గుర్తొచ్చి నోరు మూసుకుంది. వాడూ ఆమె వైపు చూడకుండానే మిగతా ముక్కలు అప్పజెప్పాడు.

అక్షిత అనే పిల్ల ఒకతె పక్కకొచ్చి, డబ్బాలో ఏం కూర తెచ్చావమ్మా అని అడిగింది. బిక్షమ్మ నవ్వలేక, కూర కాదు బిడ్డా అంది. ఆ పిల్ల మంచిదే, మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లింది.

దిబ్బ చేరగానే జనం కేకలేస్తూ దిగారు. నీళ్ల అంచున బురద లేకుండా చక్కగా పరిచిన బండల దారి ఉంది. దిబ్బ మీద నుంచి ఏటవాలుగా నీళ్లలోకి దిగుతుంది. పసుపు, ఎరుపు కయాక్‌లు దాని మీదుగానే జారుతున్నాయి. బిక్షమ్మ ఆ బండల మీద నుంచే నడిచి పైకి వెళ్లింది. అప్పటికి ఆమె చూపు కాళ్ల కింద లేదు.

దిబ్బ మీద సమాధులు లేవు. వరుస వరుసంతా గుంతలు, గుంతల్లో ఎండిన బురద, అక్కడక్కడ కాగితం ప్లేట్లు. చివరి వరుసలో బోడ గుట్టకు ఎదురుగా ఉండేది రాహేలు సమాధి. అక్కడా గుంతే. బిక్షమ్మ ఆ గుంత ముందు కూర్చుని చేత్తో మట్టి తడిమింది. కొవ్వొత్తి వెలిగించి లోపల నిలబెట్టింది. గుంత కాబట్టి గాలికి ఆరలేదు, బండ పోయినందుకు ఒరిగిన లాభం అదొక్కటే.

ఇస్రాయేలును పిలిచి, బండలేవని అడిగింది. నీళ్లు గుంజుకపోయినయేమో అన్నాడు వాడు, కొండల వైపు చూస్తూ.

"నువ్వు పుట్టకముందు సంది గుంజని నీళ్లు, గీ కంపెనీ వచ్చినంకనే గుంజినయా?" అంది.

వాడు జవాబు చెప్పకముందే కింద ఎవరో జాకెట్ బిగించమని పిలిచారు. పిలుపు కోసమే ఎదురుచూసినట్టు పరిగెత్తాడు.

భోజనాలయ్యాక గిన్నెల కుప్ప పడింది. ఒప్పుకున్న పని ఎగ్గొట్టే మనిషి కాదు బిక్షమ్మ. డేగిశాలు తీసుకుని బండల దారి పక్కన, మోకాలి లోతు నీళ్ల దగ్గర కూర్చుంది. బూడిదతో తోమి, కడగడానికి వంగి, ఊతానికి పక్కనున్న బండ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి ఒక గుంటలో కూర్చుంది. తొలిచిన గుంట కాదు, ఏళ్ల తరబడి అరిగిన పల్లం, ఒక వైపు ఎక్కువ లోతు, ఇంకో వైపు తక్కువ. చేతికి ముందు తెలిసింది, మనిషికి తర్వాత తెలిసింది.

అది ఆమె బట్టలుతికిన బండ. గుండ్లరేవులో ఇంటి వెనక ఉండేది. అత్త ఉతికింది, తాను ఉతికింది, రాహేలు పొత్తిగుడ్డలు దాని మీదే ఉతికింది. ఆ పిల్ల మాటలు నేర్చే వయసులో జరమొచ్చి పోతే సమాధి మీద పెట్టడానికి వేరే బండ దొరకలేదు. భర్త జానయ్య ఆ బండనే భుజాన మోసుకెళ్లాడు. కింది మొహం చదునుగా ఉందని తిరగేసి దాని మీద శిలువ చెక్కాడు. పాస్టరు బొగ్గుతో పేరు రాసిస్తే గీత వెంట ఉలి నడిపాడు. జానయ్యకు చదువు రాదు. చివరి అక్షరానికి చోటు చాలక అంచుకు ఇరికించాడు. ఊరు వదిలే రోజు ఆ బండ తీసుకుపోదామని ఆమె ఏడిస్తే, పిల్లను ఈడ వదిలి బండ ఆడ పెట్టుకుని ఏం చేస్తవని మందలించి, వదిలేయించాడు. ఇప్పుడాయన కాలనీ మట్టిలో ఉన్నాడు.

బిక్షమ్మ పైనుంచి కింది దాకా దారంతా చూసింది. అన్నీ సమాధి బండలే. ఒక్కదాని మీదా శిలువ కనిపించడం లేదు.

కొడుకును ఈసారి పిలవలేదు, చెయ్యి పట్టి లాగింది. వాడు కయాక్ తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు వేసిన్రురా గివి?"

"నేనేనమ్మా." దాచలేదు వాడు. "బురదల కాళ్లు జారుతున్నయని సారు వెయ్యమన్నడు. వెయ్యనంటే ఇంకొకనితోని వేయిస్తనన్నడు. వాడైతే ఎట్ల పడితే అట్ల వేస్తడు. అందుకే నేనే వేసిన. శిలువ మీద ఎవ్వరి కాలు పడొద్దని అన్నిటిని బోర్లేసిన."

వాడి గొంతులో తప్పు చేసిన భయం ఉంది, దాని కింద చిన్న నమ్మకం కూడా ఉంది, ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశానని. బిక్షమ్మకు ఆ నమ్మకమే ఎక్కువ మంట పుట్టించింది. కొడదామని లేచిన చెయ్యి సగంలో ఆగింది.

"అక్క బండ ఏదో తెలుసా నీకు?"

వాడు తల అడ్డంగా ఊపాడు. రాహేలు పోయాక ఎన్నో ఏళ్లకు, కాలనీలో పుట్టినవాడు. చిన్నప్పుడు పుట్టిలో వచ్చి, సున్నం వేసిన తెల్లటి మొహమే చూశాడు. అరిగిన వీపు వాడు ఎన్నడూ చూడలేదు. తల్లి చెయ్యి పెట్టి చూపిస్తే వాడి కాళ్లు రెండడుగులు పక్కకు తప్పుకున్నాయి. అప్పటిదాకా దాని మీదే నిలబడి ఉన్నాడు.

"తిప్పు," అంది బిక్షమ్మ.

ఇస్రాయేలు వెనక్కి చూశాడు. కయాక్‌లు ఎక్కేవాళ్లు వరుసలో ఉన్నారు, రఘుపతి గొడుగు కింద నిలబడి ఇటే చూస్తున్నాడు. వచ్చే ఏడు తిప్పుతనమ్మా, సీజన్ అయిపోనియ్యి అన్నాడు వాడు. సీజన్ అయిపోతే నీళ్లొస్తాయి. ఆ సంగతి వాడికీ తెలుసు.

బిక్షమ్మ వంగి తానే అంచు పట్టి లేపబోయింది. జానయ్య ఒక్కడే మోసిన బండ ఆమెకు కదల్లేదు. కొడుకు సాయం పట్టలేదు, చూస్తూ నిలబడ్డాడు. ఆమె డబ్బా మూత తీసింది. కొంగుతో బండ తుడిచి, కుంచె సున్నంలో ముంచి, వీపు మీదే పూయసాగింది. వరుసలోనివాళ్లు ఓపిగ్గా ఆగారు, ఇదీ యాత్రలో భాగమే అనుకున్నారేమో. అక్షిత ఫొటో తీసుకుంది. అరిగిన పల్లంలో సున్నం చిక్కగా నిలిచింది.

రఘుపతి దిగి వచ్చాడు. తిడతాడని ఇస్రాయేలు బిగుసుకుపోయాడు. ఆయన తిట్టలేదు. తల అటూ ఇటూ వంచి చూసి, తెలుపు ఫొటోల్లో బాగా తేలుతోందనీ, అడుగు పెట్టే చోటు దూరానికి కనిపిస్తుందనీ మెచ్చుకున్నాడు. వచ్చే ఆదివారానికల్లా దారంతా ఇట్లాగే వేయించమని ఇస్రాయేలుకు పురమాయించాడు.

బిక్షమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఒక్క మాట, ఇవి మా సమాధుల బండలు సార్ అని ఒక్క మాట అంటాడేమోనని కుంచె పట్టుకుని ఎదురుచూసింది.

"వేయిస్త సార్," అన్నాడు ఇస్రాయేలు.

వరుస కదిలింది. మొదటి పాదం తెల్ల బండ మీద పడి, సున్నం అంటించుకుని కయాక్‌లోకి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. సున్నం ఆరనిస్తే బాగుండునని అక్షిత ఒకతే పక్కనుంచి నీళ్లలోకి దిగింది.

సాయంత్రం పడవ తిరుగుముఖం పట్టేసరికి లోపల నేలంతా తెల్ల అడుగులు. మనుషులు అలసిపోయి కూర్చున్నారు, ఎవరో పాట పెట్టారు. ఇస్రాయేలు బకెట్‌తో నీళ్లు తోడి, ఒంగి, ఆ అడుగులను తుడుచుకుంటూ ఒక్కో వరుసా దాటి తల్లి దాకా వచ్చాడు. తిన్నవా అమ్మా అని అడిగాడు. ఆమె డబ్బాకు మూత బిగించింది. గుడ్డ పిండి, ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల ఎత్తకుండానే తప్పయిందన్నాడు. వాడు ఏడుస్తున్నాడని ఆమెకు తెలుసు. జాలి కలిగింది, కోపం మాత్రం పోలేదు.

"ఒక్కటి యాదుంచుకో ఇస్రాయేలూ," అంది. "నేను పోయినంక నాకు బండ పెట్టకు. వట్టి మట్టి చాలు. మట్టైతే ఎవ్వరి పనికి రాదు."

వాడు తల ఊపి, మిగిలిన తెలుపు తుడిచి, బకెట్‌లోని నీళ్లను పడవ అంచు మీదుగా పారబోశాడు.