ఆట చెప్పేవాడి జత

ఓరిన్ తాళంచెవిని రెండుసార్లు తలకిందులుగా పెట్టాడు. హార్లో ఊరి రైతుసంఘం హాలు తలుపు నెలకో ఆదివారం మధ్యాహ్నం తెరిచేది అతనే, ఇరవయ్యారేళ్లుగా. కళ్లు మూసుకునైనా తెరవగలడు. ఇవాళ కళ్లు తెరుచుకునే ఉన్నాయి గాని చేతులు మాట వినడం లేదు.

ముందు భయమనుకున్నాడు. మైకు స్టాండు నిలబెట్టి, కిటికీలు తీసి, అక్టోబరు ఎండ చెక్కనేల మీద పలకలు పలకలుగా పరుచుకున్నాక, తీరిగ్గా తనను తాను పరీక్షించి చూసుకున్నాడు. భయమైతే నోరెండాలి, కడుపులో రాయి పడాలి. ఆ రెండూ అతనికి చిన్నప్పటినుంచీ తెలిసిన చుట్టాలే. ఇది అది కాదు. ఖాళీ హాల్లో ఒంటరిగా నిలబడి నవ్వుతున్నాడు. ఆపుకుందామంటే నవ్వు చెవుల్లోకి పాకుతోంది.

చలికాలం నాలుగు నెలలూ ఓరిన్ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. కాని ఊళ్లో అతన్ని అందరూ ఎరిగింది ఆట చెప్పేవాడిగానే. రెండు బారుల్లో ఎదురెదురుగా నిలబడ్డ నలభై జంటలకి, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో, ఎటు తిరగాలో, సంగీతం కంటే ఒక్క ఊపిరి ముందుగా మైకులో చెప్పాలి. చెప్పేవాడు ఆడడు. ఆడనివాడికి జతెందుకు లేదని ఎవరూ అడగరు. పాతికేళ్ల వయసులో ఈ సంగతి అతనికి తట్టలేదు. అతని లోపల అతనికంటే తెలివైనవాడెవడో కనిపెట్టి, గప్‌చుప్‌గా మైకు చేతికందించాడు. ఆ తెలివైనవాడి మీద ఓరిన్‌కి కృతజ్ఞతా ఉంది, ఈమధ్య కొంచెం అసహ్యమూ మొదలైంది.

ఒక్క ఆటకే చెప్పేవాడి అవసరం లేదు. చిట్టచివర వచ్చే వాల్ట్జ్. మూడు దరువుల మెత్తని పాట, ఎవరికి నచ్చినవాళ్లని వాళ్లు పట్టుకుని తిరగడమే. ఆ నాలుగైదు నిమిషాలూ ఓరిన్ వేదిక మీద వంగి మైకు వైర్లు చుట్టేవాడు. ఎంత పనిమంతుడో అనుకునేది ఊరు.

మొన్న గురువారం లూసియెన్ ఇంట్లో గిన్నెలు కడుగుతూ ఓరిన్ తనకి తెలియకుండానే ఆట చెప్పుకుంటున్నాడు. లూసియెన్‌ది ముప్పయ్యయిదు మైళ్ల అవతల నూలుమిల్లుల ఊళ్లో రొట్టెల దుకాణం. రెండేళ్ల పరిచయం. గిన్నె తుడుస్తూ లూసియెన్ అన్నాడు: "రెండేళ్లనుంచీ నువ్వు గిన్నెలకి ఆట చెబుతుంటే వింటున్నా. మనుషులకి చెబితే ఎలా ఉంటుందో చూళ్లేదు."

"ఆదివారం రా."

మాట బయటపడ్డాక ఓరిన్ కుళాయి కట్టేశాడు, ఆ మాట అన్నదెవరో వినాలన్నట్టు.

"వచ్చి? గోడకానుకుని నిలబడాలా, నువ్వెవరో నాకు తెలీనట్టు?"

"కాదు. చివర్లో వాల్ట్జ్ ఉంటుంది. నాతో చెయ్యి."

లూసియెన్ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

అదీ సంగతి. ఇప్పుడు హాలు నిండుతోంది. అతని అక్క హెస్టర్ వచ్చి పియానో మూత తీసింది. తమ్ముణ్ణి నఖశిఖ పర్యంతం చూసింది.

"చొక్కా కొత్తదా?"

"పాతదే."

"మడతలు విప్పకుండానే పాతబడిందా పాపం?"

అతను మైకు సరిచేస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. హెస్టర్‌కి తెలుసా? ఈ ప్రశ్నని అతను ముప్పయ్యేళ్లుగా జేబులో రాయిలా మోస్తున్నాడు. ఆమె ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం తెలియకపోవడమో, తెలిసి మూత పెట్టడమో అతను తేల్చుకోలేకపోయాడు.

మొదటి రెండు ఆటలూ బాగానే నడిచాయి. మూడోదాంట్లో ఫిడేలు వేగం అందుకుంది, నేల దడదడలాడుతోంది. అప్పుడు తలుపు దగ్గర ఆకుపచ్చ చొక్కా కనిపించింది. లూసియెన్ కోటు తగిలించి, జుట్టు సర్దుకుని, పెళ్లికొచ్చినవాడిలా బెరుగ్గా నిలబడ్డాడు.

ఓరిన్ గొంతు గుర్రమెక్కింది. "నలుగురూ చేతులు కలిపి ఎడమకి! వరస మారండి! మారండి!" ఒక్కసారి అనాల్సింది రెండుసార్లు అన్నాడు. నలభై జంటలూ నమ్మకంగా రెండుసార్లు మారాయి. పాల డెయిరీ ఎవరెట్ తన భార్య అనుకుని, హాలు కమిటీ పెద్ద డ్వైట్ నడుం పట్టుకుని గిరగిర తిప్పేశాడు.

"ఓరిన్! నన్నెవడికి కట్టబెడుతున్నావయ్యా!" అని ఎవరెట్ కేక.

"వదలవయ్యా, నీ ఒళ్లంతా పేడవాసన!" అన్నాడు డ్వైట్, తనూ నవ్వుతూ.

హాలంతా పగలబడింది. ఓరిన్ కూడా మైకులోనే నవ్వి, "తప్పు నాదే, తప్పు నాదే" అంటూ వరసలు సరిదిద్దాడు. కాని ఆ నవ్వు అడుగున ఒక ఆలోచన చురుక్కుమంది: పొరపాటైతే అందరూ నవ్వుతారు. పొరపాటు కాకపోతే?

విరామంలో విన్నీ బల్ల దగ్గర గుంపు. ఎనభై దాటిన మనిషి, ఇప్పటికీ ఇంట్లో డోనట్లు వేయించి గంపలతో తెస్తుంది. ఓరిన్‌కి గ్లాసుడు వేడి ఆపిల్ రసం పోస్తూ కళ్లు చికిలించింది.

"నాయనా, ఏంటివాళ తేనెటీగ కుట్టినవాడిలా ఆట చెబుతున్నావు?"

"ఏం లేదు విన్నీ."

"ఎవరది?"

"ఎవరేంటి?"

"నా దగ్గరా నీ వేషాలు? ఈ హాల్లో మొహాలు చదవడమేగా డెబ్భయ్యేళ్లుగా నా పని. ప్రేమలో పడ్డవాడికి తప్ప ఆ చెమట పట్టదు."

అప్పుడు అనకూడదు. తెలుసు. కాని లోపల మూత కొట్టుకుంటున్న గిన్నెలోంచి ఒక్క చుక్క పొంగింది. "ఇవాళ వాల్ట్జ్ చేస్తాను, విన్నీ" అన్నాడు.

విన్నీ గరిటె కింద పెట్టింది. "దేవుడా," అంది. అతను గ్లాసు ఖాళీ చేసేలోపు ఆ మాట బల్ల ఆ చివరకి చేరింది. రసం కూజా చల్లారేలోపు హాలంతా పాకింది. ఓరిన్ వాల్ట్జ్ చేస్తాట్ట. ఎవరితోనట?

కోట్లు తగిలించే మూల లూసియెన్ డోనట్ కొరుకుతున్నాడు. ఓరిన్ తన కోటులో ఏదో వెతుకుతున్నట్టు పక్కన నిలబడ్డాడు.

"ఏంటి, అందరూ నిన్నే చూస్తున్నారు?"

"చెప్పేశాను."

"నా పేరా?"

"వాల్ట్జ్ సంగతి."

"అంటే సగం చెప్పావన్నమాట. మిగతా సగం నా కాళ్లు చెప్పాలా? వాటికి ఎడమేదో కుడేదో తెలీదు. ఇందాక నా జతావిడ పాదం రెండుసార్లు తొక్కాను, కళ్లజోడు పెట్టుకున్నావిడ."

"పారిపోవాలనుందా?"

"నాకా?" లూసియెన్ వేళ్లకంటిన చక్కెర నాక్కున్నాడు. "తెల్లారగట్ల రెండింటికి లేచి రొట్టెలు కాల్చి, చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చినవాణ్ణి. నీకుంటే చెప్పు. కోపగించుకోను. డోనట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి, పిండి మరీ పిసికింది ఆ ముసలావిడ."

కోపగించుకోనన్నాడు. అదే భరించలేకపోయాడు ఓరిన్. వేదికెక్కుతూ ఆలోచించాడు: ఇవాళ వంగి వైర్లు చుడితే లూసియెన్ నిజంగానే ఏమీ అనడు. కోటు తొడుక్కుని వెళతాడు. గురువారం మళ్లీ తలుపు తీస్తాడు, సూప్ పోస్తాడు. కాని ఇక ఎప్పుడూ, దేనికీ, తన కోసం చొక్కా ఇస్త్రీ చేసుకోడు.

రెండో సగంలో ఓరిన్ ఒక్క తప్పూ చెప్పలేదు. కాని కిందనుంచి నలభై జంటల చూపులు అతని మీదనుంచి పక్కకి జారి, ఒకే మనిషి మీద వాలడం గమనించాడు. థెల్మా. ఊరి లైబ్రరీ చూసుకుంటుంది, నాలుగేళ్ల కిందట భర్త పోయాడు. మంచి మనిషి. విరామం తర్వాత ఆమె కళ్లజోడు తీసి చేతిసంచిలో పెట్టుకుంది. పెదాలకి రంగు వేసుకుంది. ఊరు ఆమె చెవిలో ఏం ఊదిందో ఓరిన్‌కి అర్థమైంది.

ఇంత సులువా, అనుకున్నాడు. ఊరంతా కలిసి ఒక తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. దాంట్లోంచి నడిస్తే చాలు, చప్పట్లే. లోపలి తెలివైనవాడు అప్పుడే లెక్క చెప్పడం మొదలుపెట్టాడు: నాలుగు నిమిషాలే కదా, లూసియెన్‌కి తర్వాత నచ్చజెప్పుకోవచ్చు, డ్వైట్ నవ్వుతూనే ఉంటాడు, హాలు తాళం నీ దగ్గరే ఉంటుంది. ఆ గొంతు ఎంత మర్యాదగా ఉందో! జీవితమంతా విన్న గొంతు. మొదటిసారి ఓరిన్‌కి అది తన గొంతులా వినిపించలేదు.

"ఆఖరిది," అన్నాడు మైకులో. "వాల్ట్జ్. ఎవరు కావాలో వాళ్ల దగ్గరికి వెళ్లండి."

మైకు కట్టేశాడు. వెనకనుంచి హెస్టర్ గొంతు: "వైర్లు నేను చుడతాలే. ఫో."

మూడు చెక్క మెట్లు. కిందకి దిగేసరికి జనం దారి వదిలారు. ఆ దారి చివర థెల్మా, కళ్లజోడు లేని కళ్లతో, చెయ్యి సగం చాచి. అతను ఆమె దగ్గర ఆగాడు. ఆమెను తప్పించుకుని పక్కనుంచి పోవడం పిరికితనమవుతుంది, అది ఇవాళ చెయ్యదలచుకోలేదు.

"థెల్మా, నిన్ను అనవసరంగా ఆశపెట్టారు. తప్పు నాది. నేను వాల్ట్జ్ చెయ్యాల్సిన మనిషి అదిగో, కోట్ల దగ్గర ఉన్నాడు."

"ఉన్నాడు" అన్న మాట అతని చెవులకే పెద్దగా వినిపించింది. థెల్మా అటు చూసింది. కనిపించక, సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని చూసింది. ఆమె మెడంతా ఎర్రబడింది.

"ఆ ఆకుపచ్చ చొక్కానా?"

"అవును."

"నా పాదం రెండుసార్లు తొక్కాడు, ఓరిన్." చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇంతమంది ఉండగా డాన్స్ రానివాణ్ణి చూసుకున్నావా? వెళ్లు మరి. నన్నిలా నిలబెట్టకు, అందరూ చూస్తున్నారు."

ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందంటే కాళ్లు తేలిపోయాయి. మిగతా హాలు దాటడం అతనికి గుర్తులేదు. లూసియెన్ గోడ వదిలి రెండడుగులు ఎదురొచ్చాడు.

"చేద్దామా?" అన్నాడు ఓరిన్. పెదాలు ఆడాయి గాని శబ్దం వచ్చిందో లేదో తెలియదు. లూసియెన్ చెయ్యి ఇచ్చాడు. వెచ్చగా, చక్కెర అంటుకుని.

పియానో ఒక దరువు తప్పింది. హెస్టర్ ఎన్నడూ దరువు తప్పదు. ఫిడేలు ఆగకుండా ఒంటరిగా సాగింది. ఒకటి, రెండు, మూడు... పియానో మళ్లీ వచ్చి కలిసింది, ముందుకంటే గట్టిగా.

డ్వైట్ కోట్ల మూలకి నడిచాడు. తనది తీసుకున్నాడు. "మేరీ," అని భార్యని ఒక్కసారే పిలిచాడు. ఆమె అతని వెనక వెళుతూ మెడ తిప్పి చూసింది. తలుపు తెరుచుకుని సాయంత్రపు ఎండ ఒక్కసారి లోపలికి పడి, మళ్లీ మూసుకుంది. ఓరిన్ చూశాడు. మంగళవారం కమిటీ కూర్చుంటుంది. తాళం అడుగుతారు, బహుశా. ఆ ఆలోచన వచ్చింది, నిలబడింది, కాని కూర్చోవడానికి చోటు దొరకలేదు. లోపల అంత రద్దీగా ఉంది.

మొదటి అడుగు ఇద్దరూ ముందుకే వేశారు. మోకాళ్లు ఢీకొన్నాయి.

"వెనక్కెవరు నడవాలి?" అన్నాడు ఓరిన్.

"నన్నడుగుతావేంటి? ఊరందరికీ చెప్పేది నువ్వేగా."

నిజమే. ఏ పాదం ఎక్కడ పడాలో అందరి పాదాల గురించీ తెలుసు. తన పాదాల సంగతే ఎవరూ అడగలేదు, తను కూడా. "నేను నడుస్తా వెనక్కి," అన్నాడు. చూపు లేని వైపు నడవడం, ఒకరి అరచెయ్యి వీపు మీద ఉంటే, ఇలా ఉంటుందా! ఒకటి, రెండు, మూడు. లూసియెన్ లెక్క పెడుతున్నాడు, నాలుక బయటపెట్టి, పరీక్ష రాస్తున్నవాడిలా. రెండు జంటలు ఆడకుండా గోడవారగా నిలిచి చూస్తున్నాయి. మిగతావాళ్లు తిరుగుతున్నారు, మొహాలు ఏమంటున్నాయో చదివే తీరిక ఓరిన్‌కి లేదు. పాదం మీద లూసియెన్ బూటు పడింది. నొప్పికి బదులు మళ్లీ ఆ నవ్వే వచ్చింది, ఈసారి అణచలేదు.

వెనకనుంచి దభీమని ఎవరో గుద్దుకున్నారు.

"ఓరిన్! అటు కాదయ్యా బాబూ!" ఎవరెట్, భార్యని రెండు చేతులా పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని. "అందరూ ఇటు తిరుగుతుంటే నువ్వు ఎదురొస్తావేంటి? ఇన్నేళ్లు మాకు చెప్పి చంపావు, నీకే తెలీదా?"

"జరగమనండి, వెనక జనం ఆగిపోయారు," అంది ఎవరెట్ భార్య, భర్త భుజం మీదుగా.

ఈ హాల్లో ఓరిన్‌ని ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు. మైకు పట్టుకున్నవాణ్ణి తిట్టరు.

"జరుగుతున్నాం, జరుగుతున్నాం," అని, లూసియెన్ భుజాలు పట్టుకుని గబగబా తిప్పాడు.